ఎండ మనది, బండి మీద పేరెవరిది?

పోయిన ఎండాకాలం బోథ్‌లో మా బావ మోటరు వైండింగ్ దుకాణం ముందర కూర్చున్నప్పుడు మా అక్క కొడుకు తన సెల్లులో ఒక ఫోటో చూపించిండు. నేలకు ఆనుకున్నట్టున్న ఒక బల్లపరుపు బండి. పైన నల్లటి సోలారు పలకలు. చుట్టూ ఒకే రంగు టీషర్టులు వేసుకున్న ఇరవై ముప్ఫై మంది పిల్లలు. మధ్యన కాలేజీ పెద్దలు, వాళ్ల చేతుల్లో పూలగుత్తులు. వెనుక ఫ్లెక్సీ మీద విద్యార్థుల ఘనకార్యం అని పెద్ద అక్షరాలు, దాని కింద వరసగా పేర్లు.

"నువ్వేడున్నవురా ఇందులో?" అని అడిగిన.

"ఫోటో తీసింది నేనే మామా" అన్నడు.

ఆ జవాబు నాకు నిద్ర పట్టనియ్యలేదు. అందుకే ఇది రాస్తున్న.

మా వాడు హైదరాబాదు శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కాలేజీ పేరు అక్కరలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద సీటు, ఎస్సీ హాస్టల్లో తిండి. కాలేజీలో సోలారు కారు తయారుచేసే టీం ఒకటుంది. అందులో చేరాలంటే మనిషికి ఎనిమిది వేలు కట్టాలి. ఆ పైన సీనియర్లు ఇంగ్లీషులో ఇంటర్వ్యూ చేస్తారు. ఎనిమిది వేలంటే మా బావ దుకాణంలో ఎన్ని కాలిన మోటర్లో లెక్క వేసుకుని మా వాడు ఆ గదివైపే పోలేదు.

బండిని పెద్దలకు చూపించే రోజు మూడు రోజులుందనగా మోటరు కాలింది. చక్రంలోనే ఇమిడి ఉండే రకం అది. కొత్తది తెప్పించాలంటే వారం పడుతుంది. అప్పుడు ఎవరికో గుర్తుకొచ్చింది, ఆ హాస్టల్ పోరడు మోటర్లు కడతాడట అని. మనిషిని పంపి పిలిపించుకున్నారు. విప్పి చూస్తే మూడు ఫేజుల్లో ఒక ఫేజు తీగ మీద ఎనామిల్ మాడిపోయి చుట్టుకు చుట్టు అంటుకుని ఉన్నది. మా వాడు కాలిన చుట్లను ఒక్కొక్కటి లెక్కబెడుతూ విప్పి, రాణిగంజ్ పోయి అదే గేజు రాగి తీగ తెచ్చి, స్లాటు స్లాటుకు కాగితం పెట్టి, రెండు రాత్రులు కూర్చుని మళ్లీ చుట్టిండు. వార్నిష్ పోసి ఆరబెట్టిండు. చుట్ల లెక్క తప్పితే మోటరు గుంజదు, వేడెక్కి మళ్లీ కాలుతుంది. అది పుస్తకం చదివి వచ్చే పని కాదు. పన్నెండేండ్ల వయసు నుంచి యాసంగిలో లో-వోల్టేజికి కాలిన రైతుల మోటర్ల వాసన మధ్య కూర్చుని నేర్చుకున్నది.

బండి నడిచింది. చప్పట్లు మోగినయి. ఫ్లెక్సీ మీద పేరేదని మా వాడు అడిగిండట. ఆ టీం కెప్టెన్ చెడ్డ పిలగాడేం కాదు, భుజం మీద చెయ్యేసే అన్నడట: "నువ్వు టీం మెంబరువి కాదు గదా బ్రదర్, హెల్ప్ చేసినవ్." చేతిలో వెయ్యి రూపాయలు పెట్టిండట.

టీం వేరు, హెల్ప్ వేరు. మన తాతలు దొరల గడీల్లో ఇట్లాంటి హెల్ప్ చాలా చేసిన్రు. అప్పుడు దాన్ని వెట్టి అన్నరు. వెయ్యి రూపాయలు ఇచ్చిన్రు గదా, వెట్టి ఎట్లయితదని ఎవరన్నా అడగొచ్చు. కూలి ఇయ్యకపోవడం ఒక్కటే వెట్టి కాదు. చేసిన పని మీద చేసినవాడి పేరు నిలవకుండా చేయడం కూడా వెట్టే. రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ ఇరవై మందీ "మేం సోలారు కారు కట్టినం" అని కాగితం చూపిస్తారు. మా వాడు ఏం చూపించాలె? వెయ్యి రూపాయల నోట్లా?

సోలారు కారు అంటే ఏంటో తెలియని మన పాఠకుల కోసం ఆ సంగతి కొంత చెప్పాలి. 1955లో అమెరికాలో జనరల్ మోటార్స్ మనిషి విలియం కాబ్ షికాగో ప్రదర్శనలో ఒక బొమ్మ కారు చూపించాడు. పదిహేను అంగుళాల పొడవు, మీద పన్నెండు సెలీనియం పలకలు. వెలుతురు పడితే ఒక చిన్న మోటరు తిరిగేది, అంతే. తర్వాత హాన్స్ థోల్‌స్ట్రప్, లారీ పెర్కిన్స్ అనే ఇద్దరు ఒక సోలారు బండి మీద 1982 చివర పెర్త్‌లో బయలుదేరి 1983 మొదట్లో సిడ్నీ చేరి ఆస్ట్రేలియాను అడ్డంగా దాటారు. ఆ థోల్‌స్ట్రపే 1987లో డార్విన్ నుంచి అడిలైడ్ దాకా మూడు వేల కిలోమీటర్ల పందెం మొదలుపెట్టాడు. పొద్దున ఎనిమిదికి బండి కదలాలి, సాయంత్రం అయిదుకు ఎక్కడుంటే అక్కడ ఎడారిలో ఆగిపోవాలి, అక్కడే గుడారం వేసుకోవాలి. మొదటిసారి గెలిచింది జనరల్ మోటార్స్ కంపెనీ బండి, సగటున గంటకు 67 కిలోమీటర్లు. ఆ పందెం సాగే దారి ఆదివాసుల భూముల మీదుగా పోతుంది. ఇంద్రవెల్లి పక్కన బతికే మనకు ఆ మాట గుర్తుచేయక తప్పదు. కాని ఇప్పుడు నా కథ అది కాదు.

నా కథ 1990 సంవత్సరానిది. ఆ ఏడు పందెంలో హోండా కంపెనీ దిగింది. అమెరికా నుంచి మిషిగన్ యూనివర్సిటీ పిల్లలు దిగారు. గెలిచింది మాత్రం స్విట్జర్లాండ్‌లో బీల్ అనే చిన్న పట్నపు ఇంజనీరింగ్ కాలేజీ. హోండా రెండోది, మిషిగన్ మూడోది. బీల్ అంటే ఏంటో తెలుసా? గడియారాలు చేసేవాళ్ల ఊరు. తరాల తరబడి సన్న స్క్రూలు, సన్న పళ్ల చక్రాలు చేసిన చేతులున్న ఊరు. ఆ ఊరి కాలేజీ పిల్లలు పెద్ద కంపెనీని ఓడించారంటే నాకు ఆశ్చర్యం లేదు. అక్కడ గడియారం బాగుచేసేవాడి కొడుకు కాలేజీకి పోతే వాడి చెయ్యి వాడితోపాటే లోపలికి పోతుంది. మన దగ్గర చెయ్యిని గేటు బయట విడిచిపెట్టి మనిషి ఒక్కడే లోపలికి రావాలె. మళ్లీ మోటరు కాలినప్పుడు ఆ చెయ్యిని పిలిపించుకుంటారు.

ఈ బండి లోపలి లెక్క చూస్తే ఆ చెయ్యి విలువ ఇంకా తెలుస్తుంది. 2017 నుంచి 2023 దాకా ఆ పందెపు ముఖ్య తరగతిలో మామూలు సిలికాన్ పలకలకు హద్దు నాలుగు చదరపు మీటర్లు. అంటే ఒక నులకమంచానికి రెండింతలు అనుకోండి. నడినెత్తి ఎండలో చదరపు మీటరు మీద దాదాపు వెయ్యి వాట్లు పడతాయి. మంచి పలక అందులో అయిదో వంతో, నాలుగో వంతుకు కొంచెం తక్కువో కరెంటు చేస్తుంది. నాలుగు మీటర్లకు కలిపి వెయ్యి వాట్ల లోపే. మన ఇంట్లో ఇస్త్రీ పెట్టె తాగేంత. మన రైతు బావి మీద అయిదు హార్స్‌పవర్ మోటరుకు దాదాపు 3,700 వాట్లు కావాలి. అంటే బావి మోటరు తాగేదాంట్లో నాలుగో వంతుతో ఈ బండి మనిషిని ఎక్కించుకుని జాతీయ రహదారి మీద బస్సుకు దీటుగా ఉరకాలి.

అది ఎట్ల సాధ్యం? ఎక్కడా చిటికెడు కరెంటు వృథా పోకూడదు. బండి బరువు తగ్గాలె. గాలిని చీల్చే ఒంపు సరిగ్గా కుదరాలె. చక్రం బేరింగు గీసుకోకూడదు. తీగ అతుకు దగ్గర వేడి పుట్టకూడదు. ఇవన్నీ కంప్యూటరు మీద గీసేది ఒకరు, చేసేది మరొకరు అయితే బండి కంప్యూటరులోనే ఉరుకుతుంది. అతుకు వేసేవాడికి అది ఎందుకు అట్లా వేయాలో తెలిసినప్పుడే పని కుదురుతుంది. వెల్డింగ్, వైండింగ్, అచ్చు పోయడం, రేకు వంచడం, తోలు కుట్టడం, ఈ దేశంలో ఈ పనుల వాసన ఉన్న కులాలేవో చెప్పాల్నా?

మా తాత మోట తొండం కుట్టేవాడు. మోట గురించి ఇప్పటి పిల్లలకు తెలియదు. ఎడ్లు బావి దగ్గర వాలుగా కట్టిన బాటలో దిగుతుంటే తాడు గిరక మీద గుంజి తోలు బొక్కెన పైకి వచ్చేది. దాని అడుగున తోలు తొండం ఉండేది. బొక్కెన గట్టుకు రాగానే రెండో తాడు కట్టిన ఆ తొండంలోంచి నీళ్లు దానంతటదే కాల్వలో పడేవి. ఎవరూ చెయ్యి పెట్టి వంచాల్సిన పని లేదు. రెండు తాళ్ల పొడవు జానెడు తప్పితే నీళ్లు మళ్లీ బావిలోకే. ఆ కొలత మా తాతకు ఎవరు నేర్పిన్రు? ఆ తోలు నీళ్లలో నానినా కుళ్లకుండా తంగేడు చెక్క నీళ్లలో ఎన్ని దినాలు ఊరబెట్టాలో ఏ ప్రయోగశాల చెప్పింది? 2014లో రాష్ట్రం రాగానే తంగేడు పువ్వును రాష్ట్ర పుష్పం చేసుకున్నం, సంతోషమే. తంగేడు చెక్కతో ఊరిని తడిపిన మాదిగను ఏం చేసుకున్నం?

బావి మీదికి కరెంటు మోటరు వచ్చింది. మోట పోయింది. పోనీ, ఎడ్లూ మనుషులూ చాకిరీ తప్పించుకున్నరు. కాని మోట చేసినవాడికి మోటరు చేయడం ఎవరూ నేర్పలేదు. మా తాత చేతులు ఖాళీ అయి కూలికి పోయినయి. మా బావ కాలిన మోటరు బాగుచేయడం ఒక సేటు దుకాణంలో నేల ఊడుస్తూ దొంగచాటుగా చూసి నేర్చుకున్నడు. ఇప్పుడు మూడో తరం. వాడు ఇంజనీరింగు చదువుతున్నడు. వాణ్ణి కూడా గేటు దగ్గరే ఆపితే ఎట్ల?

మా ఒక్క కులం ముచ్చటే కాదిది. జైనూరు దిక్కున ఉషేగాం, కేస్లాగూడల్లో ఓజా కళాకారులు మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అచ్చు తయారుచేసి అందులో కావలసిన ఒంపు తీయడం అనే సూత్రం సోలారు బండి ఒంటికీ అవసరమే, అక్కడ ఇత్తడికి బదులు ఫైబరు. ఓజా పిలగాడు ఒక్కడన్నా ఏ కాలేజీ టీంలోనన్నా అచ్చుల పని పెద్దగా ఉన్నడేమో ఎవరన్నా చూసి చెప్పండి.

ఇక్కడ మనవాళ్లలోనే కొందరితో నాకు పేచీ ఉంది. ఈ ముచ్చట మా మండల సంఘం మీటింగులో పెడితే ఒక మిత్రుడు గయ్యిమన్నడు. "సోలారు కారు ఉన్నోళ్ల పిల్లల ఆట బొమ్మ. మనకు భూమి కావాలె, బ్యాక్‌లాగ్ పోస్టులు కావాలె, వర్గీకరణ అమలు సరిగ్గా జరగాలె. నువ్వు బొమ్మ బండి మీద పేరు కోసం ఏడుస్తున్నవ్" అన్నడు. భూమి కావాల్సిందే, కాదనను. కాని యంత్రాన్ని బొమ్మ అని తోసేస్తే లాభం ఎవరికి? బాబాసాహెబ్ అట్లా తోసెయ్యలేదు. 1942లో ఆయన గవర్నర్ జనరల్‌కు ఇచ్చిన విజ్ఞాపన తీసి చదవండి. మనవాళ్లకు సైన్సు, టెక్నాలజీ చదువులకు ఏటా రెండు లక్షల స్కాలర్‌షిప్పులు, విదేశీ చదువుకు ఇంకో లక్ష అడిగాడు. అక్కడితో ఆగలేదు. ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలకు అప్రెంటిస్ జాగలు అడిగాడు. బల్ల మీద కుర్చీ ఒక్కటే కాదు, వర్క్‌షాపులో పనిముట్టు కూడా అడిగాడన్నమాట. లేబర్ మెంబరుగా కరెంటు శాఖ చూసినప్పుడు, 1943 అక్టోబరులో, కరెంటు చవకగా పుష్కలంగా దొరికితేనే ఈ దేశంలో పరిశ్రమలు లేస్తాయి, పేదరికం నుంచి బయటపడే దారి దొరుకుతుంది అని వాదించాడు. కరెంటును ఆయన విముక్తి లెక్కలో చూశాడు. మనం బొమ్మ లెక్కలో చూద్దామా?

సరే, టీంలో చేరమంటే చేరడానికి మన పిల్లలకు ఏం అడ్డం? డెల్ఫ్ట్ అని నెదర్లాండ్స్‌లో ఒక యూనివర్సిటీ ఉంది. 2001లో మొదటిసారి దిగి ఆస్ట్రేలియా పందెం గెలిచింది, ఆ తర్వాత ఎన్నోసార్లు గెలిచింది. అక్కడి పిల్లలు చదువు ఒక ఏడాది పక్కన పెట్టి ఆ బండి పని మీదే ఉంటారు. ఒక ఏడాది! మా వాడు ఒక ఏడాది చదువు ఆపితే ఏమవుతుంది? స్కాలర్‌షిప్ పోతుంది, హాస్టల్ పోతుంది, చెల్లె చదువు ఆగుతుంది. ఏడాది మాట వదిలేయండి, రెండు రాత్రులు మేలుకున్నందుకు మూడో పొద్దు క్లాసులో కునుకు తీసి హాజరు పోగొట్టుకున్నడు. టీషర్టులు వేసుకున్నవాళ్లకు "కాలేజీ పని మీద ఉన్నారు" అని హాజరు వేసిన్రట. హెల్పరుకు ఆ సౌకర్యం లేదు. ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్ ముచ్చట, బకాయిలు విడుదల కావడం లేదని 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. సర్కారు కట్టని పైసలకు కాలేజీ మన పిల్ల మొహం చూస్తుంది. అట్లాంటి పిల్లకు ఎనిమిది వేలు కట్టి టీంలో చేరమని చెప్పడం, చేరొద్దని చెప్పడంతో సమానం. బోర్డు పెట్టకుండానే బోర్డు పెట్టినట్టు.

మా అక్క భయం వేరు. "యూనివర్సిటీ అంటే నాకు ఆ గుంటూరు పిల్లగాడే యాదికొస్తడు, పేరు లేకపోతే పాయె, కొట్లాట పెట్టుకోకు బిడ్డా" అంటది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు ఆమె టీవీ ముందు కూర్చుని ఏడ్చింది. ఫెలోషిప్ పైసలు ఆగిపోయి, హాస్టల్ నుంచి వెలివేయబడి, ఆ పిలగాడు ఆరుబయట పడుకున్నడని ఆమెకు తెలుసు. సైన్సు గురించి రాసే రచయిత కావాలని అతను కలగన్నాడని నేనే చెప్పిన. తల్లికి కొడుకు పేరు ఫ్లెక్సీ మీద ఉండడం కన్నా కొడుకు ఉండడం ముఖ్యం. ఆమెకు నేనేం జవాబు చెప్పను? చెప్పలేకపోయిన. కాని ప్రతి అమ్మా ఇట్లా భయపడి బిడ్డను వెనక్కి గుంజుకునేటట్టు చేసినోళ్లే మెరిట్ గురించి ఉపన్యాసాలిస్తున్నరు. అది మాత్రం అనకుండా ఉండలేను.

మన దేశంలోనూ సోలారు బండ్లు కట్టిన టీంలు లేకపోలేదు. కర్ణాటకలో మణిపాల్ పిల్లలు సోలార్‌మొబిల్ అని టీం కట్టి ఏండ్ల తరబడి పనిచేసి 2018లో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో తమ బండి చూపించారు. మద్రాసు ఐఐటీ పిల్లలు అగ్నిరథ్ పేరుతో టీం కట్టి ఆస్ట్రేలియా పందెం లక్ష్యంగా ఆగ్నేయ అనే బండి చేశారు. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. అగ్ని, రథం, ఆగ్నేయం అన్నీ సంస్కృతం నుంచే ఎందుకొచ్చినయని అడగాలనిపించినా ఇవ్వాళ అడగను. నా ప్రశ్న ఒక్కటే. ఆ టీంల పేర్ల జాబితా కులాలవారీగా ఎవరన్నా బయటపెడతారా? రిజర్వేషన్ సీట్లలో చేరిన పిల్లలు క్లాసులో ఎంతమంది, టీంలో ఎంతమంది? క్లాసుకు రిజర్వేషన్ ఉంది, టీంకు లేదు. క్లాసు పుస్తకం, టీం పలుకుబడి. సీటు ఇచ్చి పలుకుబడి తమ దగ్గరే ఉంచుకోవడం కొత్త ఎత్తు.

పాత ఆదిలాబాద్ జిల్లాలో మన పిల్లల కోసమని చెప్పి పెట్టిన యూనివర్సిటీ ఒకటుంది. బాసర ట్రిపుల్ ఐటీ. 2008లో మొదలైంది. పదో తరగతి కాగానే పల్లె పిల్లలకు ఆరేండ్ల చదువు. సర్కారు బడిలో చదివినవాళ్లకు వెనుకబాటు లెక్కలో అదనపు పాయింట్లు. చేతి పని తెలిసిన కులాల పిల్లలు, రైతుకూలీల పిల్లలు ఇంతమంది ఒక్క చోట ఉన్న ఇంజనీరింగ్ క్యాంపస్ ఈ రాష్ట్రంలో ఇంకోటి చూపించండి. సోలారు బండి పుట్టాల్సింది అక్కడ. కాని 2022 జూన్‌లో అక్కడి వేలమంది పిల్లలు వారం రోజులు ఎండకు ఎండి వానకు తడిసి కూర్చున్నది దేనికోసం? రెగ్యులర్ వీసీ కోసం, మంచి తిండి కోసం, ల్యాప్‌టాప్‌ల కోసం, వసతుల కోసం. ఆ పిల్లల్ని ముందు అన్నం కోసం ధర్నా చేయించి, తర్వాత "మీ దగ్గర ఇన్నోవేషన్ ఏదీ" అని అడుగుతారు.

ఇగ బండి దేనికి అన్న ముచ్చట. పందెం బండి ఒక మనిషిని పడుకోబెట్టి తీసుకుపోయే బండి. అది నేర్చుకోవడానికి పనికొస్తుంది, ఎక్కడానికి కాదు. ఎక్కే బండి చేద్దామని నెదర్లాండ్స్‌లోనే ఐండ్‌హోవెన్ టీం నుంచి వచ్చిన పిల్లలు లైట్‌ఇయర్ అని కంపెనీ పెట్టారు. వాళ్ల టీం కుటుంబం ఎక్కే సోలారు కార్ల తరగతిలో 2013 నుంచి 2019 దాకా వరసగా గెలిచిన టీం. తెలివిలో లోటు లేదు. 2022 చివర కారు తయారీ మొదలుపెట్టారు, ధర రెండున్నర లక్షల యూరోలు. మన పైసల్లో రెండు కోట్ల పైమాటే. 2023 జనవరిలో తయారీ ఆగిపోయింది. జర్మనీలో సోనో అనే ఇంకో కంపెనీ అదే ఏడు ఫిబ్రవరిలో తన సోలారు కారును పక్కన పెట్టేసింది. ఉన్నోళ్ల కారుకు ఎండ చాలదు. ఏసీ కావాలె, వేగం కావాలె, రెండు టన్నుల బరువు కావాలె. ఇస్త్రీ పెట్టె కరెంటుతో అవి రావు.

మరి బోథ్ బండికి? మాకు రైలు లేదు. నేరడిగొండ దగ్గర జాతీయ రహదారి దిగి లోపలికి రావాలె. మండలకేంద్రం నుంచి గూడేలకు, తండాలకు, మాలమాదిగ వాడలకు పోయే దారుల్లో ఆటో దొరికితే దొరికినట్టు, లేకుంటే కాలినడక. పొద్దున బడికి పోయే ఆడపిల్లలు, ఆస్పత్రికి పోయే బాలింతలు, సంతకు పోయే ముసలోళ్లు, వీళ్లకు గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం అక్కరలేదు. ఇరవై చాలు. మా వాడూ నేనూ ఒక రాత్రి కాగితం మీద లెక్క వేసినం. బ్యాటరీ రిక్షా కప్పు మీద మూడు చదరపు మీటర్ల పలకలు పడతాయి. అంటే మంచి ఎండలో ఆరువందల వాట్లు. ఎండాకాలం రోజుకు అయిదు గంటల నిండు ఎండ అనుకుంటే మూడు యూనిట్లు, నష్టాలు పోను రెండున్నర. నలుగురిని ఎక్కించుకుని మెల్లగా పోయే రిక్షా కిలోమీటరుకు అరవై వాట్-అవర్లు తాగినా ముప్ఫై నలభై కిలోమీటర్లు వస్తాయి. కరెంటు బిల్లు లేదు, డీజిలు లేదు. వానాకాలం తక్కువ వస్తుంది, గుట్ట ఎక్కేటప్పుడు ఎక్కువ తాగుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. ఆ లోటు ఎట్ల పూడ్చాలో చూడాల్సింది ఇంజనీర్లు. డార్విన్‌లో కాదు, పొచ్చెర రోడ్డు మీద.

మీకు నవ్వు రావచ్చు. సోలారు రిక్షా అనగానే ఎవరూ పూలగుత్తి తీసుకుని రారు, ఫ్లెక్సీ కట్టరు. పందెం బండికి స్పాన్సర్లు దొరుకుతారు, బాలింత బండికి దొరకరు. అందుకే బండి ఏది చేయాలో నిర్ణయించే బల్ల చుట్టూ మన పిల్లలు ఉండాలంటున్న. వాళ్లు ఉంటే ఈ ప్రశ్న ఆ బల్ల మీదికి వస్తుంది. లేకుంటే రాదు, ఎవరూ కుట్ర చేయక్కర్లేదు, ఊరికే రాదు, అంతే.

ఎండ మాకు కొత్త సంపద కాదు. ఆదిలాబాద్‌లో 45 డిగ్రీల ఎండలో పత్తి కట్టె పీకేది, ఉపాధి పనిలో మట్టి మోసేది ఎవరో అందరికీ తెలుసు. ఇన్నాళ్లూ ఎండ మన వీపు మీద పడితే చాకిరీ. ఇప్పుడు అదే ఎండ పలక మీద పడితే పెట్టుబడి. రామగుండంలో ఎన్టీపీసీ చెరువు నీళ్ల మీద తేలే పలకలతో వంద మెగావాట్ల ప్లాంటు 2022 జులై నుంచి పూర్తిగా నడుస్తోంది. పోడు భూములకు సోలారు పంపులిస్తామని 2025 మేలో నల్లమలలో సర్కారు ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టింది. మంచిదే. రేపు ఆ పంపులు గుట్టల్లో ఆగిపోతే బాగుచేసేదెవరు? హైదరాబాదు నుంచి కంపెనీ మనిషి వచ్చేసరికి చేను ఎండిపోతుంది. గోండు పిల్ల, లంబాడీ పిల్ల, మాదిగ పిల్ల ఆ పని నేర్చుకుని ఉంటే సాయంత్రానికి నీళ్లు పారతాయి. కాలేజీ సోలారు టీంలో నేర్పే పని అచ్చంగా ఇదే. పలక, బ్యాటరీ, కంట్రోలరు, మోటరు. బండికైనా పంపుకైనా అవే నాలుగు.

కాబట్టి ఊరికే తిట్టి వదిలిపెట్టడం నా ఉద్దేశం కాదు. కాలేజీ జాగాలో, కాలేజీ కరెంటుతో, కాలేజీ పేరుతో పనిచేసే ఏ టీం కూడా సభ్యత్వానికి పైసలు అడగకూడదు. అడిగితే ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లల తరఫున కాలేజీ కట్టాలె, లేదా యూనివర్సిటీ గుర్తింపే ఇయ్యొద్దు. టీం పని చదువులో భాగం కావాలె. రాత్రి చుట్టిన వైండింగుకు పొద్దున మార్కు పడాలె, హాజరు పడాలె. ఎంపికలో ఇంగ్లీషు ఇంటర్వ్యూ తీసేసి, వర్క్‌షాపులో ఒక కాలిన మోటరు బల్ల మీద పెట్టి విప్పమనండి. చూద్దాం, ఎవరి మెరిట్ ఎంతో! ఇక పని ఎవరు చేస్తే పేరు వాళ్లది. మోటరు చుట్టినవాడు, రేకు కొట్టినవాడు, బండి తోసినవాడు, అందరి పేర్లూ.

జూన్‌లో మా వాడూ నేనూ కలిసి కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాసినం. మొదట వాడు ఒప్పుకోలేదు. "బండి నడిచింది గదా మామా, పేరుదేముంది" అన్నడు. "మీ ముత్తాత తొండం కుట్టిన మోట ఊరంతా తడిపింది. ఆయన పేరు ఆ ఊళ్లో ఎవరికన్నా తెలుసా? నీకన్నా తెలుసా?" అన్న. వాడు చాలాసేపు తల వంచుకుని కూర్చున్నడు. వాడికి నిజంగానే తెలియదు. అక్కను పిలిచి అడిగితే చెప్పింది. అప్పుడు సంతకం పెట్టిండు. వెయ్యి రూపాయలు కూడా మనియార్డరు చేసి వాపసు పంపినం. రిజిస్టర్డ్ పోస్టు అందినట్టు అక్నాలెడ్జిమెంట్ కార్డు వచ్చింది. జవాబు రాలేదు.

కాలేజీ తెరిచినంక వాడు బస్సెక్కేటప్పుడు మా బావ తన పాత వైండింగ్ పనిముట్లు నూనె గుడ్డలో చుట్టి వాడి సంచిలో పెట్టిండు. ఈ యేడు టీం వాళ్లు ఇంకా పెద్ద మోటరు తెస్తున్నరట, మళ్లీ కబురు పెట్టిన్రట. మా బావ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "పో, చెయ్. పనికి మాత్రం పెనుకు పెట్టకు" అన్నడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి పోయి ఇంకో మాటన్నడు: "పేరు రాసినంకనే మూత ఇప్పు."